ముళ్లపందిని తీసేసిన ఆదివారం

ఈ రోజు పొద్దున చర్చిలో కూర్చుని నేను చేయకూడని పని ఒకటి చేశాను. అయ్యగారు వాక్యం చెబుతున్నారు, చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది ఫోన్లలోనే బైబిలు తెరుచుకుని తలలు వంచుకుని ఉన్నారు, నేనూ అలాగే వంచుకుని ఉన్నాను కాబట్టి నన్ను ఎవరూ అనుమానించలేదు. కాని నా చేతిలో ఉన్నది మా అమ్మాయి ఫోను, అందులో తెరిచి ఉన్నది ఆమె ఆడే ఆట. రుద్రారంలో ఇంజనీరింగు మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయికి మధ్యాహ్నం మ్యాచ్ ఉంది. అది గెలిస్తే కాలేజీ జట్టులో చోటు, ఓడితే మళ్లీ వచ్చే ఏడాదే. తన జట్టును పంపించాల్సిన సమయమేమో సరిగ్గా ఆరాధన వేళకే పడింది. ఆమె క్వయర్‌లో పాడుతుంది, అందరి ముందు ఫోను పట్టుకుని నిలబడలేదు, అందుకని ఫోను నా చేతిలో పెట్టి, "అంతా పెట్టేసిన డాడీ. ఓపెన్ కాంగనే కింద బటన్ ఒక్కటి నొక్కు, ఇంకేం ముట్టకు" అని చెప్పి వెళ్లి పాటలవాళ్లలో నిలబడింది.

నేను ముట్టాను.

నా ఈడువాళ్లకు ఆ ఆట గురించి కాస్త చెప్పాలి. వింత వింత జీవులు ఉంటాయి, కొన్ని నిప్పు కక్కుతాయి, కొన్ని నీళ్లు చిమ్ముతాయి, కొన్ని రాయిలా కదలకుండా కూర్చుంటాయి. వాటిలోంచి ఆరింటిని ఏరుకుని జట్టు కట్టుకోవాలి, అవతలి మనిషి కట్టుకున్న ఆరింటితో ఒక్కొక్కటిగా పోట్లాడించాలి, ఎవరి ఆరూ ముందుగా పడిపోతే వాళ్లు ఓడినట్టు. పిల్లల ఆట అని ఇంట్లో అందరూ అంటారు, నేనూ పైకి అలాగే అంటాను. కాని ఆ ఆటను మా అమ్మాయికి నేర్పింది నేనే, నాకు నేర్పింది మా బావ.

మా బావ అంటే మా మేనత్త కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను పటాన్‌చెరులో, ఇనప రేకులను అచ్చులో నొక్కి భాగాలు చేసే ప్రెస్సు షాపులో ట్రైనీగా చేరినప్పుడు ఆయన అప్పటికే అక్కడ ఆపరేటరు. ఇద్దరం ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. పొద్దుటి షిఫ్టు అయ్యాక చేతులకు అంటిన ఆయిలు రంపపు పొట్టుతో రుద్దుకుని, మిగిలింది సబ్బుతో కడుక్కుని, మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి వీస్తే ముక్కు మూసుకుంటూ, బస్టాండు వెనక సందులో ఉండే నెట్ సెంటరుకు నడిచేవాళ్లం. మిగతావాళ్లు అక్కడికి పరీక్షల ఫలితాలు చూసుకోవడానికో సినిమా పాటలు సీడీల్లో ఎక్కించుకోవడానికో వచ్చేవాళ్లు. మేమిద్దరం మాత్రం ఒకే కుర్చీలో చెరో సగం కూర్చుని, ఎక్కడివాళ్లో ఏ భాషవాళ్లో తెలియని మనుషులతో ఆ జీవులను పోట్లాడించేవాళ్లం. బిహార్ నుంచి వచ్చి మా షాపులోనే పనిచేసే కుర్రాళ్లు కొందరు వెనక నిలబడి హిందీలో సలహాలు ఇచ్చేవాళ్లు. నెట్ సెంటరు అన్నకు అది బొత్తిగా నచ్చేది కాదు, గిరాకీ కూర్చునే చోట జాతర పెట్టారని గొణుగుతూనే, మేము గెలిచే సమయానికి తనూ వచ్చి నిలబడేవాడు.

ఆ రోజుల్లో నా పద్ధతి ఒక్కటే, ఆరుకు ఆరూ కొట్టేవి ఉండాలి. కాచుకునేది, తిరిగి బలం పుంజుకునేది, కదలకుండా కూర్చుని అవతలివాడి ఓపిక పరీక్షించేది నాకు అక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే మా బావదీ దాడి జట్టే, కాచుకోవడం ఆయనకూ ఇష్టం ఉండేది కాదు. అయినా నేను ఓడిపోతూ ఉండేవాణ్ని, ఆయన గెలుస్తూ ఉండేవాడు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఒకసారి నేను ఓడిన కోపంలో అన్నం మానేసి పడుకుంటే, ఆయన తన పళ్లెం తెచ్చుకుని నా పక్కన కూర్చుని తింటూ చెప్పాడు.

"నీ ఆరుగురు కొట్టెటోళ్లే, కాని ఎవ్వడు ఎవ్వని కోసం కొడ్తలేడు రా. ఎవ్వనికి వాడే."

ఆయన జట్టులో ముందుగా వెళ్లేది పొట్టిగా, లావుగా, ఒళ్లంతా ముళ్లతో ఉండే ఒక జీవి. దాని అసలు పేరు మా నోటికి తిరగక ముళ్లపంది అని పిలుచుకునేవాళ్లం. అది ఎవరినీ పెద్దగా కొట్టదు. వెళ్లీ వెళ్లగానే అవతలి నేల మీద ముళ్లు పరిచేస్తుంది, రెండు దెబ్బలు తిని పడిపోతుంది, దాని పని అంతే. కాని ఆ తర్వాత అవతలివైపు ఏ జీవి బరిలోకి దిగినా ముళ్లు గుచ్చుకుని ముందే కొంత బలం పోగొట్టుకుంటుంది. అప్పుడు బావ గునపాన్ని దింపేవాడు. గట్టిగా కాచుకునే జీవులను పగలగొట్టే దానికి మేము పెట్టుకున్న పేరు అది, గోడకు కన్నం వేయడమే దాని పని. చివరికి తూనీగ వచ్చేది, అందరికంటే వేగంగా కదిలేది, అప్పటికే సగం చచ్చి ఉన్నవాటిని ఒక్కొక్క దెబ్బతో వరసగా పడగొట్టేది. తూనీగ దెబ్బ నిజానికి పెద్దదేమీ కాదు, ముళ్లు గుచ్చుకుని ఉన్నదానికి సరిగ్గా సరిపోయేంతే. ఆ లెక్క నాకు ఎక్కడానికి చాలా కాలం పట్టింది. ఎక్కాక కూడా ముళ్లపంది ఉండాల్సిన చోట ఇంకో కొట్టేదాన్ని పెట్టాలని చెయ్యి లాగుతూనే ఉండేది. అప్పుడల్లా బావ మౌసు మీద ఉన్న నా మణికట్టు పట్టుకునేవాడు.

ఇక్కడే మా షాపులో ఉండే ఇంకో అలవాటు చెప్పాలి. ప్రెస్సులో డై, అంటే రేకును నొక్కే అచ్చు, బిగించినవాడు దాన్ని సరిగ్గా ఎక్కడ కూర్చోబెట్టాడో అక్కడ సుద్దముక్కతో ఒక గీత గీసి పోతాడు. తర్వాతి షిఫ్టువాడికి అది ఎంత వంకరగా కనిపించినా సరే, గీసినవాణ్ని అడగకుండా ఆ గీత దాటి డైని జరపకూడదు. ఎందుకంటే గీసినవాడు ఎత్తు సరిచేయడానికి వెనక ఏ సన్నటి షిమ్ము ముక్క పెట్టాడో, రేకు మందం చూసి ఎంత సందు వదిలాడో వాడికే తెలుసు, పైకి కనిపించదు. మా బావ నాకు మొదటి రోజు నేర్పింది అదే. ఇప్పుడు నేను అదే షాపులో షిఫ్టు ఇన్‌చార్జిని, కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజు అదే చెబుతాను, పోయిన నెలలో ఒకబ్బాయిని ఆ తప్పుకే అందరి ముందు నిలబెట్టి తిట్టాను కూడా.

అలాంటి నేను చర్చి బల్ల మీద కూర్చుని మా అమ్మాయి జట్టు చూశాను. మొదటి చోట ఒక ముళ్లపందినే పెట్టింది, ఈ కాలపుది, ఇంకా లావుగా ఉంది. పక్కన, ఆమె జట్టులోకి తీసుకోకుండా వదిలేసినవాటిలో, ఒక పులిలాంటిది కనిపించింది, చురుకైనది, దెబ్బ భలే ఉంటుంది. నా బుద్ధి అక్కడే తిరిగింది. అప్పుడు మణికట్టు పట్టుకోవడానికి పక్కన ఎవరూ లేరు. ముళ్లపందిని తీసేసి పులిని పెట్టి బటన్ నొక్కేశాను, పైగా మధ్యాహ్నం ఆమె గెలిచాక చెప్పి ఆశ్చర్యపరచాలని కూడా అనుకున్నాను. మా ఆవిడ ఆడవాళ్ల వైపు నుంచి నన్ను చూసి, ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చదవడే అని సంతోషించిందట, తర్వాత చెప్పింది.

ఆరాధన అయ్యాక బయట వేపచెట్టు కింద మా అమ్మాయి ఫోను తీసుకుని తన జట్టు చూసుకుంది. ముఖం పాలిపోయింది. నన్ను అడగలేదు, నేను మారుస్తానన్న అనుమానమే ఆమెకు రాలేదు. పోటీ నడిపిస్తున్న సీనియర్ అబ్బాయికి ఫోను చేసి, తన జట్టు మారిపోయిందని, వాళ్ల వైపే ఏదో తప్పు జరిగిందని గొంతు పెంచింది. వచ్చింది వచ్చినట్టే ఉందని ఆ అబ్బాయి చెబుతున్నాడు, ఈమె వినడం లేదు, ఆటలో ఎదుటి అమ్మాయి అతని స్నేహితురాలు కాబట్టే ఇలా చేశారని కూడా అనేసింది. నేను స్కూటర్ తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు మూసుకుంటే ఆ మాట ఆ అబ్బాయి మీదే ఉండిపోతుంది, నా పేరు ఎక్కడా రాదు. అలాంటి ఆలోచన నాకు వచ్చిందని కూడా ఒప్పుకోవాలి.

"వాళ్ల దిక్కు ఏం కాలేదు బిడ్డా," అన్నాను. "నేనే మార్చిన."

ఆమె ఫోను చెవి దగ్గర నుంచి దించింది. అవతల ఆ అబ్బాయి హలో హలో అంటున్నాడు.

"ఎందుకు డాడీ?"

"కొట్టేది ఇంకొకటి ఉంటే మంచిగుంటదనుకున్న."

"నా తూనీగకు ముళ్లు లేకపోతే దెబ్బ సరిపోదు. నువ్వే కదా నేర్పింది." ఆమె గొంతు పెంచలేదు, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. మా ఆవిడ మాత్రం, వాక్యం వింటూ మీరు చేసిన పని ఇదా అని ఒక్క మాట అని స్కూటర్ వైపు నడిచింది.

ఒకసారి పంపిన జట్టును మార్చే వీల్లేదు, ఒకరికి మారిస్తే అందరికీ మార్చాలి అని ఆ సీనియర్ అబ్బాయి చెప్పాడు, అది న్యాయమే. ఇంటికి వచ్చి మా అమ్మాయి తలుపు దగ్గరికి వేసుకుని కూర్చుంది. కాసేపటికి లోపలి నుంచి మా బావతో ఫోనులో మాట్లాడుతున్న గొంతు వినిపించింది. ఆయన ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర తన పొలం చూసుకుంటున్నాడు, ఈ ఆట వదిలేసి చాలా కాలమైంది, అయినా ఏదైనా అడగాలంటే మా అమ్మాయి నన్ను కాదు ఆయననే అడుగుతుంది. స్పీకర్‌లో ఆయన నవ్వు గోడ దాటి నా దాకా వచ్చింది.

"ఫోను మీ డాడీ చేతికిచ్చినవా? నా ఎడ్లకిచ్చినా ఇంతకన్నా నయమే ఉండు."

ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు లెక్కలు వేసుకున్నారు. నాకు వినిపించినంతలో, దారి కనుక్కున్నది మా అమ్మాయే. ముళ్లు ఇక లేవు, కాబట్టి ముందుగా వెళ్లి పడిపోయేది ఇంకొకటి కావాలి, ఆ పని నేను ముచ్చటపడి పెట్టిన పులికే అప్పగిద్దాం అంది. పులి వెళ్లి కొట్టగలిగినంత కొట్టి పడిపోవాలి, దాన్ని కాపాడుకోవాలన్న ఆశ పెట్టుకోకూడదు. అంతే బిడ్డా, అన్నాడు బావ.

మ్యాచ్ మూడు ఆటలు. మొదటిది ఓడిపోయింది. తూనీగ చివర్లో కొట్టిన దెబ్బకు అవతలివైపు నీళ్లు చిమ్మే ఏనుగు వెంట్రుకవాసి ప్రాణంతో మిగిలింది, ముళ్లు ఉండి ఉంటే పడేదే. ఆ వెంట్రుకవాసి నా వల్లే మిగిలిందని ఆ గదిలో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, లోపలికి వెళ్లే ధైర్యం లేదు, పక్కకు వెళ్లే ఓపికా లేదు. రెండో ఆటలో ఆమె పులిని నిర్దాక్షిణ్యంగా వాడేసింది, మొదట్లోనే ఆ ఏనుగు మీదికి తోలి, ఒక్క గట్టి దెబ్బ కొట్టించి, దాన్ని పోనిచ్చింది. నేను అంత ఇష్టపడి పెట్టిన జీవి అలా పడిపోతుంటే నాకు ఏమాత్రం బాధ కలగలేదు. ఆ ఆట గెలిచింది. మూడోది చివరి జీవి మీద చివరి జీవి దాకా వచ్చింది. ఆమె వేలు తెర మీద ఆగి ఉన్నప్పుడు నా నోటి వెంట ఒక సలహా వచ్చేదే, పెదవి కొరుక్కుని ఆపుకున్నాను. తూనీగ ముందుగా కదిలింది, అవతలిది పడిపోయింది. తర్వాత మా అమ్మాయి దిండులో ముఖం పెట్టుకుని అరిచిన అరుపుకు మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నేను గడప మీదే కూర్చుండిపోయాను. అంతటి నిమ్మళం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు.

ఆ ఊపు తగ్గాక ఆమెను అడిగి సీనియర్ అబ్బాయికి నేనే ఫోను చేశాను. జట్టు మార్చింది నేనేనని, మా అమ్మాయి అన్న మాటలన్నీ నాకు పడాల్సినవని, క్షమించమని చెప్పాను. పరవాలేదంకుల్, మా నాన్నకైతే నేను ఏం ఆడతానో కూడా తెల్వదు అన్నాడు.

ఆ నెట్ సెంటరు ఇప్పుడు లేదు, అక్కడ ఫోన్ల రిపేరు షాపు ఉంది. ఒక కుర్చీలో ఇద్దరు కూర్చోవడం, వెనక నలుగురు నిలబడి గొడవపడటం, వాళ్ల ఊపిరి మెడకు తగలడం ఇక రావు. ఎవరి ఆట వాళ్ల అరచేతిలోకి వచ్చేసింది, తప్పు చేయబోతే పక్కవాడికి కనిపించే వీలు కూడా పోయింది. అందుకని బాధపడుతూ కూర్చునే వయసు నాది కాదనిపించింది. వచ్చే ఆదివారం కాలేజీ జట్టుకు ఇంకో కాలేజీతో మ్యాచ్ ఉందట, అవతలివాళ్లు కాచుకుని ఆడటంలో గట్టివాళ్లట, అలాంటి జట్టుతో సాధన చేయడానికి మా అమ్మాయికి ఎవరూ దొరకలేదు. నేను కూర్చుంటానన్నాను. జట్టు నువ్వే కట్టి ఇవ్వు, నేను అందులో ఏదీ మార్చను అన్నాను. ఆమె కదలనివీ మెదలనివీ ఏరి ఆరింటిని నా ఫోనులో పెట్టింది, ఒక్కటీ సరిగ్గా కొట్టగలిగేది కాదు, జన్మలో నేను ఎన్నుకోనివి. సాయంత్రం నుంచి అన్నాల వేళ దాకా వాటితో కాచుకుంటూ, పుంజుకుంటూ, దెబ్బలు తింటూ ఆమె ఎదుట కూర్చున్నాను, ఆమె నా గోడను ఎక్కడెక్కడ పగలగొట్టవచ్చో చూసుకుంటూ నన్ను ఓడిస్తూ పోయింది. ఒక్కసారి కూడా ఎదురు కొట్టాలనిపించలేదు. మా ఆవిడ పళ్లేలు పెట్టి పిలిచింది. ఇంకొక్కటి డాడీ, అంది మా అమ్మాయి, నేను మళ్లీ గోడ కట్టుకున్నాను.