ఇత్తడి గుల్లలు ఏరిన ఆరేళ్ళు

నా కుడి చెవి సరిగా వినపడదు. అటువైపు కూర్చుని ఎవరైనా మాట్లాడితే తల ఊపేసి ఊరుకుంటాను. డాక్టరమ్మ "వయసుతో పాటు కొంచెం..." అని మొదలుపెట్టబోతే అక్కడే ఆపేశాను. వయసూ లేదు, గియసూ లేదు. ఆ చెవిని నేను చేతులారా పోగొట్టుకున్నాను. ఆరేళ్ళు తుపాకులు పేల్చే చోట పనిచేశాను, చప్పుడు ఆపడానికి చెవుల మీద పెట్టుకునే డొప్పని ఎత్తిపెట్టుకుని మరీ చేశాను. ఇందులో ఇంకొకళ్ళని అనడానికేం లేదు.

తుపాకులనగానే కంగారు పడకండి. నేను ఒక్క గుండు కూడా పేల్చిన పాపాన పోలేదు. పేల్చినవాళ్ళు కింద పడేసి పోయే ఇత్తడి గుల్లలు ఏరడం నా పని. తూటా పేలాక గుండు ముందుకు పోతుంది, దాన్ని పట్టుకున్న ఇత్తడి గొట్టం పక్కకి ఎగిరి పడుతుంది. అక్కడివాళ్ళు దాన్ని "బ్రాస్" అంటారు. నేను గుల్లలనేదాన్ని. వాటిని ఏరి, సైజుల వారీగా వేరుచేసి, బకెట్లలో నింపితే, ఇంట్లో తూటాలు మళ్ళీ నింపుకునేవాళ్ళు వచ్చి కొనుక్కుపోయేవారు.

ఇప్పుడు లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని చేస్తున్నాను. చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. నాకేం నచ్చలేదు.

ఆ పని దొరికేనాటికి నాకు నలభై ఒకటి. గ్రీన్‌కార్డ్ చేతికొచ్చి రెండు నెలలైంది. అంతకుముందు పదకొండేళ్ళూ మా ఆయన వీసా మీద డిపెండెంట్‌ని. ఆ మాట ఏ ఫారం మీద కనపడినా ఒళ్ళు మండిపోయేది. బీకాం ఫస్ట్ క్లాస్‌లో పాసైన మనిషిని, ఎవరి మీద ఆధారపడ్డానట? తీరా కార్డొచ్చాక ఇంటర్వ్యూలకి వెళితే అందరిదీ ఒకటే ప్రశ్న. ఈ పదకొండేళ్ళూ ఏం చేశారు? ఏం చేశానా! వంట చేశాను, పిల్లని పెంచాను, మిషిగన్‌లో పడ్డ మంచునంతా పారతో ఎత్తిపోశాను. ఒకడికి అలాగే చెప్పాను కూడా. నవ్వి, కాల్ చేస్తామన్నాడు. ఇంకా చేస్తూనే ఉన్నాడు.

ఒకరోజు పొద్దున మా ఆయనతో గొడవైంది. "నువ్విప్పుడు ఉద్యోగం చెయ్యకపోతే మనకేం గడవదా?" అన్నాడు పాపం, మంచికే. ఆ మంచికే నాకు చిర్రెత్తుకొచ్చింది. కారు తీసుకుని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి నుంచి ఎటు పోతున్నానో చూసుకోకుండా ఇరవై నిమిషాలు పోయాను. ఒక పాత ఫ్యాక్టరీ షెడ్డు తలుపు మీద మనిషి కావాలని కాగితం అంటించి ఉంది. పైన ఇండోర్ షూటింగ్ రేంజ్ అని బోర్డు. చదివాను, అర్థమైంది, అయినా లోపలికి వెళ్ళాను. కోపంలో ఉన్నప్పుడే నేను మంచి పనులన్నీ చేశాను.

కౌంటర్ వెనక డెబ్బై దాటిన తెల్లాయన, ఓనరు. రెండు చెవుల్లోనూ వినికిడి మిషన్లు. చిన్నప్పటి నుంచీ తుపాకుల మధ్య పెరిగాడట, ఆ రోజుల్లో చెవులకి ఏమీ పెట్టుకునేవాళ్ళు కాదట. నన్ను పైనుంచి కిందదాకా చూసి ఒకటే ప్రశ్న వేశాడు, "వంగగలవా?" అని. పదకొండేళ్ళ సంగతి అడగలేదు. ఆ ఒక్కదానికే ఆయనంటే నాకు అభిమానం పుట్టింది.

మొదటిరోజే చీవాట్లు తిన్నాను. ఇండియన్ స్టోర్లో కొన్న చీపురు తీసుకెళ్ళి, కొంగు బిగించినట్టు ఏప్రన్ బిగించి, ఇంటి వసారా ఊడ్చినట్టు పరపరా ఊడ్చేశాను. ఆయన అంత దూరం నుంచి చేతులూపుకుంటూ అరుచుకుంటూ వచ్చాడు. నేల మీది దుమ్ములో సీసం ఉంటుందట, అది లేచి ఊపిరితిత్తుల్లోకి పోతే విషమట. తడి చేసి, రబ్బరు కర్రతో మెల్లగా తోయాలి. మూతికి మాస్కు, చేతులకి గ్లవ్స్, పని బట్టలు అక్కడే విడవాలి, చేతులు కడుక్కోకుండా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. మా అమ్మమ్మ మడి ఇంతకన్నా నయం అనుకున్నాను. కానీ ఆ వాసన! షెడ్డు తలుపు తియ్యగానే దీపావళి మర్నాటి వీధి వాసన కొట్టేది. పొద్దున్నే అది పీలిస్తే చాలు, నాకు హుషారొచ్చేది.

గుల్లల్ని సైజుల వారీగా వేరుచెయ్యడానికి ఆయన దగ్గర ప్లాస్టిక్ ట్రేలేవో ఉండేవి. రెండ్రోజులు వాటితో అవస్థపడి, మూడోరోజు మా ఇంటి జల్లెడ, చేట పట్టుకెళ్ళాను. కడిగి ఆరబెట్టిన గుల్లల్ని జల్లెడలో పోసి ఆడిస్తే చిన్నవి దిగిపోతాయి, పెద్దవి పైన ఉంటాయి. తర్వాత చేటలో వేసి చెరుగుతాను. ఖాళీవి కొసకి పోతాయి, బరువైనవి చేతి దగ్గరికొస్తాయి. ఈ బరువైనవే అసలు సంగతి. ఎవరో ఒకరు పేలని తూటాని కింద పడేసి పోతారు. అది గుల్లల్లో కలిసి కొన్నవాడింటికి పోతే, వాడు మిషన్లో పెట్టి నొక్కినప్పుడు చేతిలోనే పేలొచ్చు. చాలావరకు కంటికే తెలుస్తాయి. కానీ కొన్నింట్లో సీసపు గుండు బయటికి పొడుచుకు రాదు, గొట్టం అంచుదాకా మట్టంగా కూర్చుని ఉంటుంది. గుల్లల గుట్టలో కన్ను దాన్ని దాటిపోతుంది. చప్పుడే చెప్పాలి. ఖాళీది ఖంగుమంటుంది, నిండుది టప్‌మంటుంది.

నాకు ఆ టప్ వినపడేది. వంద గుల్లలు ఒక్కసారి చేటలో గలగలమంటుంటే, ఆ మధ్యలో ఒక్క టప్. చెయ్యి పెట్టి తీసేసేదాన్ని. మా అమ్మ కందిపప్పు చెరుగుతూ వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతూనే రాయి తీసి పారేసేది, అదేం విద్యో నాకప్పుడు తెలిసేది కాదు. ఓనరు నోరు తెరుచుకుని చూశాడు. ఆయనకి ఆ తేడా వినపడక ఎన్నో ఏళ్ళైందట. నేను రాకముందు ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమి చూసేవాడట. ఆరోజు నుంచి వచ్చినవాడికీ పోయినవాడికీ నన్ను చూపించి, "ఈ యంగ్ లేడీ చెవుల్లాంటివి మిషిగన్ మొత్తంలో లేవు" అని చెప్పేవాడు.

యంగ్ లేడీ! నలభై ఒకటిలో! పదకొండేళ్ళలో నన్నెవరైనా మెచ్చుకున్నారంటే అది పులిహోర బాగుందనే. చెవులు బాగున్నాయని ఎవరన్నారు? మనిషికి పొగడ్త కల్లు కన్నా చెడ్డది. ఇంకా బాగా వినాలని, ఒక్కటి కూడా తప్పిపోకూడదని, ఆయన అటు తిరగ్గానే కుడివైపు డొప్ప చెవి వెనక్కి ఎత్తిపెట్టేదాన్ని. నా బల్ల రేంజ్ గోడకి ఆనుకునే ఉండేది. ఎవరు తలుపు తీసినా ఆ పేలుళ్ళు తిన్నగా వచ్చి కుడి చెవిలో పడేవి. పడితే పడనీ అనుకున్నాను.

మా ఆయన మాత్రం మెటల్ రీసైక్లింగ్‌లో పని అని చెప్పమన్నాడు. తెలిసినవాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళితే ఒక ఆంటీ అడిగింది, ఎక్కడమ్మా ఉద్యోగం అని. మా ఆయన నా వైపు చూస్తున్నాడు. "తుపాకులు పేల్చే చోట తూటా గుల్లలు ఏరతానండీ" అన్నాను. ఆయనకి ప్రసాదం గొంతులో అడ్డుపడింది. ఆవిడ మాత్రం, "మంచిపనే, ఇత్తడి ఎక్కడైనా ఇత్తడే కదా" అంది. ఆవిడకి ఈనాటికీ దణ్ణం పెడతాను. ఆ రోజులు తలుచుకుంటే ఎంత హాయిగా ఉంటుందో! పొద్దున్నే నా లంచ్ బాక్సు, నా కారు తాళం, నా పేరు కుట్టిన ఏప్రన్. నింపిన ప్రతి బకెట్ మూత మీదా ఎర్ర మార్కర్‌తో చిన్న బొట్టు పెట్టేదాన్ని, కొత్త గిన్నెకి పెట్టినట్టు. కొనేవాళ్ళు ఆ బొట్టున్న బకెట్లే అడిగేవారు.

ఐదో ఏడు దాటాక కుక్కర్ విజిళ్ళ లెక్క తప్పడం మొదలైంది. పప్పు మాడింది. మా అమ్మాయి కాలేజీ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి?" అని విసుక్కునేది. ఫోన్ ఎడమ చెవికి మార్చాను. అర్థం కాలేదని కాదు. అర్థమైంది కాబట్టే ఎవరికీ చెప్పలేదు. ఓనరుకి తెలిస్తే ఆ బల్ల దగ్గర్నుంచి లేపేస్తాడు. లేపేస్తే మళ్ళీ ఇంట్లో కూర్చోవాలి. నాకు చెవి పోతుందన్న భయం కన్నా ఆ బల్ల పోతుందన్న భయమే ఎక్కువ.

చేటని చెవికి దగ్గరగా పట్టుకున్నాను. మెల్లగా చెరిగాను. కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను.

ఒకరోజు ఎప్పుడూ వచ్చే కస్టమర్ ఒకతను నవ్వుతూ లోపలికొచ్చి అరచేతిలోంచి ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టాడు. పేలని తూటా, అంచుదాకా సీసం ఉన్న రకం. కిందటివారం కొన్న బకెట్లో ఉందట, మిషన్లో పెట్టబోతూ చూసుకున్నాడట. అతను నవ్వాడు గానీ ఓనరు నవ్వలేదు. ముఖం పాలిపోయింది. కిందటివారం నేను రెండ్రోజులు సెలవు పెట్టాను. ఆ రెండ్రోజులూ ఆయనే ఒక బకెట్ నింపాడు. "నేనే. నా బకెట్టే" అన్నాడు. అతను వెళ్ళిపోయాక కూడా ఆ తూటాని చేతిలోంచి దించలేదు.

నేను పార్కింగ్‌లోకి పరిగెత్తి అతన్ని ఆపాను. మూత మీద ఎర్ర బొట్టుందా అని అడిగాను. ఉందన్నాడు.

ఆ వారం నేను బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. ఆయన గుల్లల జోలికే రాలేదు. కౌంటర్లో చిల్లర ఇవ్వడానికి కూడా రెండుసార్లు చూసుకునేవాడు. ఒకరితో, "ఇంక నావల్ల కాదేమో, అమ్మేస్తానేమో" అంటుంటే విన్నాను. అది మాత్రం బాగా వినపడింది. ఒక్క మాట చెబితే ఆయన భారం దిగిపోతుంది, నా బల్ల పోతుంది. ఏడు రోజులు నోరు మూసుకున్నాను. సిగ్గులేని మొహం నాది.

ఎనిమిదో రోజు పొద్దున షాపు తెరవకముందే వెళ్ళాను. ఆయన ఒక్కడే ఉన్నాడు.

"ఆ బకెట్ మీది కాదు, నాది. తొందరలో చూసుకోలేదు" అన్నాను.

"నీకు తొందరెప్పుడుంది?" అన్నాడు.

ఆయన ఒక ఖాళీ గుల్ల చేతిలోకి తీసుకున్నాడు. తనని కూడా ఒకప్పుడు ఇలాగే నిలబెట్టి చెవులు పరీక్షించారని చెప్పాడు. "అటు తిరిగి నిలబడు. ఎడమ చెవి వేలితో మూసుకో. గుల్ల కౌంటర్ మీద వదలగానే చెప్పు" అన్నాడు, నాకు వినపడేంత గట్టిగా.

కళ్ళు మూసుకుని నిలబడ్డాను. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. షాపంతా నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు ఖంగుమంది. సన్నగా, తేటగా, మొదటి రోజుల్లో మోగినట్టే.

"విన్నాను!" అన్నాను. ప్రాణం లేచొచ్చింది. నవ్వుతూ వెనక్కి తిరిగాను.

ఆయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. గుల్ల ఆయన రెండు వేళ్ళ మధ్యే ఉంది.

ఆయన కళ్ళు దించుకున్నాడంతే. నేను ఏప్రన్ విప్పి, మడతపెట్టి, కౌంటర్ మీద పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "అంత మంచాయన దగ్గర అబద్ధమెందుకు ఆడావు?" అన్నాడు. మా ఆయనతో ఆరోజు చెప్పిందే ఇప్పుడూ చెబుతున్నాను. నేను అబద్ధం ఆడలేదు. ఒట్టు. నాకు వినపడింది.