మార్తమ్మగారు అడిగిన సాక్ష్యం

నీళ్లు చల్లిన మట్టినేల మీద చీపురు పడగానే లేచే వాసన నాకు ఇప్పటికీ పడదు. మొన్న చర్చి ఆవరణ ఎవరో ఊడుస్తుంటే, ప్రార్థన మధ్యలోనే మార్తమ్మగారు గుర్తొచ్చారు. ఆమె మా పేట సంఘంలో బైబిల్ స్త్రీ, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే మనిషి. తెల్లచీర, చంకలో గుడ్డసంచి, వీధి చివరిదాకా వినపడే గొంతు. అక్షరాలకంటే ముందు నాకు వాక్యం నేర్పింది ఆమే.

అవి ఎనభైల నాటి రోజులు. గుంటూరు దగ్గర మా ఊరి బడిలో నేనూ సువార్తా ఏడో తరగతి. సువార్త పొద్దున్నే తల్లితో కలిసి మిరపకాయలకు తొడిమలు తీసి, మండే చేతులతో బడికి వచ్చేది. రాగానే పెద్ద పంతులుగారు ఆమెకూ, పేట నుంచి వచ్చే మరో ముగ్గురు ఆడపిల్లలకూ చీపుళ్లు ఇచ్చేవారు. గదులన్నీ ఊడ్చి వచ్చేసరికి లెక్కల పాఠం అయిపోయేది. తర్వాత లెక్క రాలేదని దెబ్బలు తినేదీ వాళ్లే. నేనూ పేట పిల్లనే. కానీ మా నాన్న ఆ బడిలోనే పంతులు కాబట్టి నా చేతికి ఏనాడూ చీపురు రాలేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మార్తమ్మగారు ఎవర్నీ లేవనివ్వలేదు.

"కూర్చోండి. మన ఆడపిల్లల సంగతి మాట్లాడాలి."

"బడి ఊడిస్తే చేతులు అరిగిపోతాయా అమ్మా?" అన్నాడు సంఘపెద్ద ఏసోబు.

"అరగవయ్యా. మోతుబరిగారి మనవరాలి చేతులు కూడా అరగవుగా? ఆ పిల్లకి ఒక్కనాడన్నా ఇచ్చారా చీపురు?"

చాపల మీద ఆడవాళ్లు నవ్వారు. సువార్త నవ్వలేదు. ఏడో తరగతి తప్పితే బడి మాన్పిస్తానని వాళ్ల నాన్న అప్పటికే చెప్పేశాడు.

పాస్టరు అయ్యగారు తటపటాయించారు. "ఊడ్చే పిల్లలు చెబితే పని ఎగ్గొట్టడానికి అంటారు. ఊడవని పిల్ల ఎవరన్నా చెబితే, పెద్దలం కలిసి వెళ్లి అడుగుదాం."

మార్తమ్మగారు నా వైపు తిరిగారు. "లేమ్మా. నువ్వు రోజూ అక్కడే ఉంటావుగా. చూసింది చెప్పు, చాలు."

సాక్ష్యం చెప్పడానికి లేవడం మా సంఘంలో పిల్లలకు కూడా అలవాటే. లేచాను. మా నాన్న తల వంచుకుని కూర్చున్నారు.

"నేను చూడలేదండీ," అన్నాను.

పెద్దలు ఎవరూ బడికి వెళ్లలేదు. మర్నాడు గంట కొట్టకముందే మార్తమ్మగారు ఒక్కరే వెళ్లి, కొంగు బిగించి గదులన్నీ ఊడ్చారు. "ఈ పని నేను చేస్తా పెద్ద పంతులుగారూ. పిల్లల్ని లెక్కలకి కూర్చోనివ్వండి." మూడు రోజులు అలా సాగింది. నాలుగో రోజు, బయటివాళ్లు రాకూడదని ఆమెను గుమ్మంలోనే ఆపేశారు. సువార్త లెక్కల్లో తప్పింది. వేసవి సెలవుల తర్వాత బడికి రాలేదు.

మార్తమ్మగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకు టీచరు ఉద్యోగం వచ్చాక, జబ్బుతో ఉన్న ఆమె మంచం పక్కన కూర్చుని క్షమించమని ఏడ్చాను.

"నన్నెందుకే అడగడం? నా చదువేం పోలేదుగా. సువార్త వేటపాలెంలో జీడిపప్పు పని చేసుకుంటుందంట. ముందు ఆ పిల్లనడుగు. దేవుడెక్కడికీ పోడు, ఆయనతో తర్వాత మాట్లాడొచ్చు."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆమె నేర్పిన వాక్యంతోనే ఎన్నో ప్రార్థన కూటాల్లో సాక్ష్యం చెప్పాను. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు కూడా. ఒంగోలు సభలకు వెళ్లే ప్రతిసారీ రైలు వేటపాలెంలో ఆగుతుంది. ఒళ్లో బైబిలు గట్టిగా పట్టుకుని, రైలు కదిలేదాకా కూర్చుంటాను.