ఠాణాలో చిక్కిన పొడుగు పంచ్

కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ళలో బోరింగు చెడితే ఖాజా మియాకే కబురు వెళ్ళేది. ఆయన సైకిలు వెనక గోనెసంచిలో పదకొండు పంచ్‌లుండేవి. బిగుసుకుపోయిన ఇరుసును సుత్తెదెబ్బతో బయటికి నెట్టే ఇనుప కడ్డీని పంచ్ అంటారు. చాలామందికి చేతికందిన ఏ కడ్డీ అయినా పంచే. ఖాజా మియా మాత్రం సంబంధం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి గానీ దాన్ని రంధ్రంలో పెట్టడు.

"రంధ్రం కన్న వెంట్రుకంత సన్నగుండాలె. మొదలూ కొసా ఒక్క తీరుగుండాలె. మొదలు లావైతే కొట్టినకొద్దీ దిగి కూసుంటది, ఇల్లరికం అల్లుని లెక్క" అనేవాడు.

అన్నిటిలోకి ఆయనకు ప్రాణం పొడుగు పంచ్. పాత జీపు ఇనుముతో నాలుగు రోజులు ఆకురాయి పట్టి తానే చేసుకున్నాడు. అది లేకపోతే సగం బోరింగులు విప్పలేడు.

ఎనభై తొమ్మిదిలో, అన్నల కోసం దారిదారినా సోదాలు జరుగుతున్న రోజుల్లో, మేడిపల్లి నుంచి వస్తుంటే పోలీసులు ఆ సంచి విప్పించారు. లస్మయ్య జమేదారు పొడుగు పంచ్‌ను కంటికి ఆనించి చూశాడు.

"గిది తుపాకిది."

"తుపాకిదైతే బొక్కుండాలె గద సారూ."

"బొక్క ఇంక పొడువలేదేమో. నాకు నేర్పుతవా?"

పంచ్‌ను గుడ్డలో కట్టి, లక్కముద్ర వేసి, చీటీ అంటించి పట్టుకుపోయారు. ఖాజాను వదిలేశారు. ఆ వారంలోనే రెండు ఊళ్ళలో బోరింగులు విప్పలేక తలవంచుకొని తిరిగొచ్చాడు.

"పోయి అడుగరాదు" అంది భార్య హలీమాబీ.

"అడిగితే నన్ను గూడ గుడ్డల కడ్తరు."

ఎనిమిదో నాడు ఠాణా నుంచే మనిషి వచ్చాడు. ఠాణా బోరింగు చెడిందట.

"చేస్తే అన్నలడుగుతరు, చెయ్యకుంటే పోలీసోళ్ళడుగుతరు" అని హలీమాబీ నసిగింది. "ఎవరు కొట్టినా నీళ్ళిచ్చుడే బోరింగుకు తెలుసు. పోయి రా."

ఠాణాలో ఎస్సై మూడు రోజులుగా స్నానం లేక భుజాన తువ్వాలతో తిరుగుతున్నాడు. బోరింగు ఇరుసు నడిమికి విరిగింది. కుడి సగం ఊడివచ్చింది గానీ ఎడమ సగం లోపలే ఉండిపోయింది. దాన్ని నెట్టాలని ఎవరో విరిగిన గడ్డపార మొనను ఎడమ వైపు నుంచి దిగ్గొట్టారు. అదీ ఇరుక్కుంది.

"ఎవరు కొట్టిండ్రు సారూ?"

లస్మయ్య వరండా గోడ మీది క్యాలెండరు చూడసాగాడు.

"కుడి పక్క నుంచి కొడితే రెండూ ఎల్తయి" అన్నాడు ఖాజా. "అంత లోపలికి అందే పంచ్ మీ బీరువల ఉన్నది."

"ముద్రేసిన మాలు సారూ" అన్నాడు లస్మయ్య. "కోర్టుకు లెక్క జెప్పాలె."

ఎస్సై తల గోక్కున్నాడు. "ముందుగాల ఇప్పు లస్మయ్యా."

ఖాజా మియా పొడుగు పంచ్ పెట్టి, తొందరపడకుండా కొట్టాడు. నాలుగో దెబ్బకు గడ్డపార మొన ఎగిరి లస్మయ్య బూటు పక్కన పడింది. వెనకే ఇరుసు ముక్క. కొత్త ఇరుసు వేసిన గంటకల్లా ఎస్సై ధార కింద కూర్చుని సబ్బు రుద్దుకుంటున్నాడు.

లస్మయ్య చేయి చాపాడు. "ఇటు తే. మళ్ళ మూటల పెట్టాలె."

ఖాజా పంచ్‌ను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కోర్టుకు పోయింది ఈ జన్మలో తిరిగిరాదు.

"జమేదార్ సాబ్, చీటీల ఏం రాసిండ్రు?"

"ఇనుప కడ్డీ, ఒకటి."

"కొలత?"

"రాయలే."

ఖాజా మియా గడ్డపార మొనను తుడిచి రెండు చేతులతో అందించాడు. "గిది పెట్టుండ్రి. ఇనుమే, ఒక్కటే. మొన సూడుండ్రి, నాకే భయమైతున్నది. జడ్జిసాబ్ ఊకెనే నమ్ముతడు."

సబ్బు నురగలోంచి ఎస్సై అన్నాడు: "పెట్టు లస్మయ్యా. నీదే గద, మంచిగ కట్టు."

లస్మయ్య ముద్ర వేసేదాకా ఖాజా మియా అక్కడే నిలబడ్డాడు. తర్వాత పంచ్‌ను సంచిలో వేయడానికి మనసొప్పక చొక్కా కింద నడుముకు దోపుకున్నాడు. వంగితే పొడుచుకుంటుంది కనుక, నిలువునా బిర్రబిగుసుకొని సైకిలు తొక్కుతూ, విప్పలేక వదిలేసి వచ్చిన ఊళ్ళ దారి పట్టాడు. ఎదురొచ్చిన ఎడ్లబండివాడు ఆ నడుము ఉబ్బు చూసి, ఎందుకైనా మంచిదని బండిని పక్కకు తీసి దండం పెట్టాడు.