అరగుండు మల్లె

మా వనపర్తి వీధిలో అనంతయ్య పెదనాయన నాలుగేళ్లుగా తన మల్లెచెట్టుకు అరగుండు చేస్తున్నాడు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో తెలివైనవాడు, ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టరుగా చేసినవాడు.

జనవరిలో నీళ్లాపి, కొమ్మలు కత్తిరించి, ఆకంతా దూసేస్తే ఉగాది నాటికి మల్లె విరగబూస్తుంది. ఈయన మాత్రం గోడ వైపు ఆకే దూస్తాడు, ఇంటి వైపు ముట్టడు. దాంతో గోడ అవతల తెల్లగా పూలు, ఇవతల పచ్చగా ఆకులు. బాలమ్మ పెద్దమ్మ జడకు ఒక్క పువ్వు దొరకదు.

"ఈ దిక్కు ఎందుకు దూయవు పెదనాయనా?"

ఒక ఏడు, "చీమలున్నయ్‌రా" అన్నాడు. మరో ఏడు, "ఈ దిక్కు కొమ్మలకు సిగ్గెక్కువ" అన్నాడు. ఈ ఏడు, "నడుము పట్టేసింది" అన్నాడు. అసలు సంగతి తెలిసేదాకా నాకు అన్నం సహించలేదు.

మార్చిలో ఆయన బజారుకు పోయినప్పుడు, పెద్దమ్మకు ఉపకారం చేద్దామని, గోడ మీది మొగ్గల కొమ్మలన్నీ ఇవతలికి లాగి తాడుతో కట్టేశాను. ఆయన వచ్చి చూశాడు. చేతిలో కూరగాయల సంచి కింద పడింది.

"ఏం పని జేసినవ్‌రా! విప్పు, జల్ది విప్పు!"

"పెద్దమ్మకు పూలొద్దా?"

"ఆమెకు బజార్ల కొనిస్త. ముందు విప్పు!"

విప్పాను. కొమ్మలు గోడ దాటాయో లేదో, పక్కింటి వైపు కేకేశాడు.

"సావిత్రమ్మా! మా కొమ్మలు మళ్ల మీ దిక్కు వచ్చినయ్. మొగ్గలు తెంపెయ్, లేకుంటే నీ వాకిలే ఖరాబైతది!"

"రోజూ నాకే పెట్టినవా గీ పని?" అవతలి నుంచి విసుగ్గా వినిపించింది.

స్టూలెక్కి తొంగి చూశాను. సావిత్రమ్మ భర్త పోయి నాలుగేళ్లు దాటింది. అప్పటి నుంచి పేరంటాల్లో పూలు పంచే చెయ్యి ఆమెను దాటి పక్కావిడ దగ్గరికి పోతుంది. ఎవరైనా ఇచ్చినా ఆమె పుచ్చుకోదు. కానీ పక్కింటివాళ్ల చెత్త తీసెయ్యడానికి మొహమాటం దేనికి? గొణుక్కుంటూనే మొగ్గలు ఒక్కొక్కటే జాగ్రత్తగా కొంగులో వేసుకుంటోంది. కొప్పులో నిన్నటి మాల ఇంకా ఉంది.

నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. మెల్లగా దిగాను.

"పెద్దమ్మకు తెలుసా?" అని గుసగుసగా అడిగాను.

జవాబు వంటింట్లోంచి వచ్చింది.

"తెల్వకేంది? ఈ ఏడు మీ పెదనాయనకు నిజంగనే నడుము పట్టేసింది. ఆ దిక్కు ఆకు దూసింది నేనే!"