అల్లం మడిలో మెట్టె

అల్లం నాటిన రోజే నా భార్య కాలిమెట్టె ఒకటి పోయింది. మూడు చుట్ల వెండి మెట్టె. మడిలో ఎత్తుగా పోసిన తడి మట్టి బెడ్డు మీద చెప్పుల్లేకుండా వంగి విత్తనం పెడుతుంటే ఎప్పుడు జారిందో ఆమెకే తెలియలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కూలివాళ్లందరి ముందూ, మా అక్క ముందూ తిట్టాను. ఆమె చేతి మట్టి దులుపుకుంటూ నవ్వింది.

"మన భూమిల్నే వడ్డది గదా, యాడికి వోతది? అల్లం తోటి వస్తది తియ్యున్రి."

వారానికి రెండుసార్లు జహీరాబాద్ బజారుకు పోయేవాణ్ణి. కొత్త జత తెమ్మని ఆమె అడగలేదు. మొండివాణ్ణి, నేనూ తేలేదు. వానలు ముదిరాక ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖానలో నాలుగు రోజులైనా లేదు.

ముత్తైదువగా పోయిందని పసుపు రాశారు, పూలు పెట్టారు, గాజులు తొడిగారు. పాదాల దగ్గరికి వచ్చేసరికి మా అక్క చెయ్యి ఆగింది. ఒక వేలు బోసిగా ఉంది. అక్క నా వైపు చూడకుండానే పసుపు దారం తీసి ఆ వేలికి చుట్టి ముడేసింది. బజారుకు మనిషిని పంపాలన్న ఆలోచన నాకే రావాలి, రాలేదు. ఆ తర్వాత నెలల తరబడి అన్నం ముందు కూర్చున్నా ఆ దారమే కనబడేది.

చలి తగ్గాక అల్లం తవ్వడం మొదలుపెట్టాం. అక్క నా పక్కనే ఉంది. ఒక గడ్డ ఎత్తి మట్టి దులిపితే నల్లబడిన వెండి కనబడింది. మూడు చుట్లు. వాటిలోంచి ఒక అల్లం కొమ్ము దూరి పెరిగింది, వేలికి తొడిగినట్టే, బిగుతుగా. గడ్డను అరచేతిలో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. అంత మడిలో, అన్ని మొక్కల్లో, ఆ ఒక్క కొమ్ముకు ఆ సందు ఎట్లా దొరికింది? ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు.

"మాట నిలవెట్టుకున్నది," అంది అక్క. నేను మెట్టె లాగబోతే చెయ్యి పట్టుకుంది. "తియ్యకు తమ్మీ. గది ఆమె ఏసుకున్నది."

తియ్యలేదు. ఆ గడ్డను విత్తనంలో దాచాను. అల్లం వేసిన చోట మరుసటి ఏడే మళ్లీ వెయ్యం గనుక, ఈసారి బావి పక్క మడిలో, నా చేతులతోనే పెట్టాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్కసారీ నోటికి రాని మాట అప్పుడు వచ్చింది. "తప్పు నాదే," అన్నాను మట్టి కప్పుతూ, పైకే. పక్క బెడ్డులో ఉన్న అక్క వినే ఉంటుంది, కాని తలెత్తలేదు.