ఎడ్విన్ బిర్కెట్ ముందుగా కూర్చున్న పంక్తి

ఇంగ్లండు ఉత్తరాన కంబ్రియా కొండల్లో గొర్రెలు పెంచే ఎడ్విన్ బిర్కెట్ పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు పోయాక, తమ్ముడి కూతురు హెస్టర్ ఆయనతోపాటు మందను చూసుకుంటూ పెరిగింది. నేను పాఠాలు చెప్పిన బడిలో చదివినన్నాళ్లూ ఆ పిల్ల పుస్తకాలకు ఉన్ని వాసన వేసేది.

యజమాని మరణిస్తే సేద్యపు భూములకూ వారసత్వపు పన్ను పడుతుందని ప్రభుత్వం ప్రకటించిన ఏడాది, గొర్రెల సంతలోని టీ దుకాణంలో రోజూ రగడే.

"పట్నం డబ్బున్నోళ్లు పన్ను ఎగ్గొట్టడానికి పొలాలు కొన్నారు. వాళ్లకి పన్నిన ఉచ్చులో మనం పడ్డాం," అన్నాడు పొరుగు రైతు నార్మన్ డోడ్.

"మా అమ్మ ఇల్లు నాకొచ్చినప్పుడు నేను కట్టలేదా? మీ వాడికి మాత్రం కొండ ఊరికే రావాలా?" అంది టీ పోస్తున్న మార్జరీ.

"కాగితం మీదే కోటీశ్వరుణ్ణి తల్లీ! జేబులో నీ టీకి చిల్లర లేదు."

"పన్ను రాకముందు మాత్రం ఎప్పుడిచ్చావులే!"

అందరూ నవ్వారు, ఎడ్విన్ నవ్వలేదు. తాను పోయాక పన్ను కోసం హెస్టర్ దిగువ గడ్డిభూమిని అమ్ముకోవలసి వస్తుందని ఆయన భయం. ఆ గడ్డి లేనిదే చలికాలంలో మంద బతకదు.

వకీలు దారి చెప్పాడు: ఇల్లూ పొలమూ ఇప్పుడే హెస్టర్‌కు రాసిచ్చి, ఆపై ఏడేళ్లు బతికి ఉంటే పన్ను ఉండదు. అయితే ఇచ్చినవాడు అద్దె కట్టకుండా అదే ఇంట్లో ఉండిపోతే ఇచ్చినట్టు లెక్కలోకి రాదు.

"అద్దె కట్టు పెదనాన్నా, ఇక్కడే ఉండు," అని బతిమాలింది హెస్టర్.

"నేను పుట్టిన మంచానికి అద్దేమిటే? జనం నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వెళ్లిపోతే నేనెవరితో పోట్లాడాలి?"

"కుక్కతో పోట్లాడు. అది నాకంటే బాగా వింటుంది."

రాసిచ్చాడు. పట్నంలో మందుల దుకాణం పైన ఒక గది తీసుకున్నాడు. కిటికీలోంచి బస్సులు తప్ప ఏమీ కనిపించవు. తెల్లవారకముందే లేచి, బూట్లు తొడుక్కుని, వెళ్లవలసిన చోటేదీ లేక మంచంమీద కూర్చునేవాడని ఆయనే నాతో ఒకసారి చెప్పాడు.

శరదృతువులో మందను కొండ దింపే రోజు వచ్చింది. ఆనాడు ఇరుగుపొరుగు రైతులంతా కుక్కలతో సాయం వస్తారు. సాయంత్రం మంద ఎవరిదో ఆ ఇంటివారే వారికి భోజనం పెడతారు. చివరి అతిథి తినేదాకా ఇంటి యజమాని కూర్చోకూడదన్నది అక్కడి కట్టుబాటు. నేను రొట్టెలు కోయడానికి వెళ్లాను. ఎడ్విన్ బస్సు దిగి, చేతికర్రతో వచ్చాడు.

మాంసమూ బంగాళాదుంపలూ ఉడికిన పెద్ద గిన్నె బల్లపైకి వచ్చింది. అందరూ కూర్చున్నారు. ఎడ్విన్ అలవాటుగా పొయ్యి పక్కన నిలబడి, ఎవరి పళ్లెంలో ఏది తక్కువైందో చూస్తున్నాడు. గరిటె పట్టుకున్న హెస్టర్ కూడా నిలబడే ఉంది. ఒక ఇంటికి ఇద్దరు యజమానులు నిలబడేసరికి, ఎవరూ చెంచా ఎత్తలేదు.

"ఏంటయ్యా, ప్రార్థనా?" అన్నాడు నార్మన్. ఎవరూ నవ్వకపోయేసరికి తల దించుకున్నాడు.

"నువ్వు కూర్చో పెదనాన్నా," అంది హెస్టర్ మెల్లగా.

ఎడ్విన్ ఆమెను చూశాడు, తరువాత గరిటెను చూశాడు. నార్మన్ పక్కకు జరిగాడు. తన బల్ల దగ్గర, అతిథులు కూర్చునే వైపు ఆయన మొదటిసారి కూర్చున్నాడు. హెస్టర్ వడ్డించింది.

"జాగ్రత్త, కాలుతుంది," అంది.

"ఈ ఇంట్లో ఈ కూర వేడిగా ఉంటుందని ఇన్నేళ్లకి తెలిసింది," అన్నాడాయన.

ఈసారి అందరూ నవ్వారు; చెంచాలు కదిలాయి. హెస్టర్ మాత్రం పొయ్యి పక్కన, ఆయన నిలబడిన చోటే నిలబడి, అందరి పళ్లేలూ చూస్తూ ఉండిపోయింది. ఆయన ఆమెవైపు తిరగకుండా, తలవంచుకుని తిన్నాడు. చివరి బస్సు వేళకు లేచి, అతిథులందరిలాగే ఆమెకు ధన్యవాదాలు చెప్పాడు.