సుద్దముక్కతో సంతకం

నా దగ్గర రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి ఉంది. అట్ట మీద ‘కొత్త మాటలు’ అని రాసుకున్నాను. పదో తరగతితో చదువు ఆపేసి బొగ్గుబాయిలో బదిలీ ఫిల్లరుగా, అంటే రానివాళ్ల బదులు తట్టల్లో బొగ్గు నింపేవాడిగా చేరినవాడిని. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, సాయంత్రాలు గోదావరిఖని గ్రంథాలయంలో కూర్చునేవాడిని. బాయి లోపల భద్రత చూసే సర్దారు పరీక్ష అక్కడి బల్ల మీద చదివే పాసయ్యాను. తెలియని మాట కనబడితే రాసుకోవడం అప్పటి అలవాటు. అట్లా పది పుస్తకాలు నిండాయి. ఈ పదకొండోది మాత్రం మా బిడ్డ మాటలది.

ఆమె డిగ్రీ చదువుతోంది. నలుగురు స్నేహితులతో కలిసి ర్యాప్ పాడుతుంది, గోడల మీద గ్రాఫిటీ వేస్తుంది. ఒకరోజు ఫోనులో ఎవరితోనో, “వాడు టాయ్ రా, మొత్తం బైటింగే” అంటుంటే విన్నాను. మరునాడు గ్రంథాలయంలో నిఘంటువు తీశాను. రెండు మాటలూ ఉన్నాయి కానీ ఆ అర్థాలు మా బిడ్డ మాటకు అతకలేదు. లైబ్రేరియన్ మేడం కంప్యూటరు తెరిచి చూపించింది. నెల రోజులు చదివాను. టాయ్ అంటే ఇంకా చెయ్యి తిరగనివాడు, మా బాయిలో కొత్త బదిలీ లాంటివాడు. బైటింగ్ అంటే పక్కవాడి శైలిని ఎత్తుకోవడం. సైఫర్ అంటే గుండ్రంగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు అప్పటికప్పుడు పాట కట్టడం. పీస్ అంటే గోడ మీద రంగులతో, తీరిగ్గా, పూర్తిగా వేసిన పెద్ద అక్షరాలు.

ఇంటికి వచ్చి ఆమెకు వరుసగా చదివి వినిపించాను.

“బాపూ, నువ్వు సైఫర్ అంటుంటే రేడియోల వార్తలు చదివినట్టున్నది” అంది.

“తప్పున్నదా?”

“తప్పు లేదు. గదే బాధ.”

నాకు అన్నిటికంటే నచ్చిన మాట ట్యాగ్. గోడ మీద రాసేవాడు వేసే తన గుర్తు, తన సంతకం. ‘నేను ఇక్కడికి వచ్చాను’ అని చెప్పడం. అది చదివినప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. సర్దారు చేసే పని అదే కదా. మనుషులు పనిలోకి దిగే ముందు నేను ఆ జాగాకు వెళ్లాలి. పైకప్పును కర్రతో తట్టి శబ్దం వినాలి. బాగుందనిపిస్తే సుద్దముక్కతో తేదీ, సమయం, నా పేరు పొడి అక్షరాలు రాయాలి. అవి చూశాకే మిగతావాళ్లు అడుగు పెడతారు. ఇంకో సర్దారు రాసినదాన్ని ఎవరూ తుడవరు. దాని కిందే తమది రాస్తారు. ఇరవై ఏళ్లకు పైగా భూమి లోపల ట్యాగులు వేస్తూ ఉన్నానని నాకు ఆ రోజే తెలిసింది.

అందుకే మా బిడ్డ గ్రంథాలయం పక్కగోడ మీద పీస్ వేస్తామని అడిగితే నేనే మేడం దగ్గరికి వెళ్లాను. “గోడ గురించి ఎవరైనా మాటంటే పూచీ నాది” అని సంతకం పెట్టి అనుమతి కాగితం తీసుకున్నాను. అంతవరకు నా సంతకం బాయి లోపలే చెల్లింది, పైన ఎవరూ అడగలేదు.

గోడను నేనే కడిగాను. వెలిసిపోయిన సున్నం మీద, కింది మూలన, నీలిరంగులో ‘రిజర్వ్‌డ్’ అని, పక్కన ఒక యూనియన్ పేరు ఉన్నాయి. చదివాను. పాత ఎన్నికలకు గోడ పట్టుకున్న రాతలేలే అనుకుని బ్రష్షుతో రుద్దేశాను. ఐదు ఆదివారాలు పట్టింది వాళ్లకు. గోడ నిండా ‘బొగ్గు’ అన్న ఒక్క మాట. బొ అక్షరం బాయిలోకి దిగే దారిలా ఉంది, వత్తు కొసన టోపీదీపం వెలుగుతోంది. డ్యూటీకి పోయేవాళ్లు బండ్లు ఆపి చూసేవారు.

ఆరో ఆదివారం పొద్దున ఆ యూనియన్‌కు గోడరాతలు రాసే ఉస్తాద్ సున్నం బకెట్టుతో వచ్చాడు. ముసలివాడు. ఈ ఊళ్లో ఆయన చెయ్యి పడని గోడ తక్కువ. బాయిలో యూనియన్ ఎన్నికలు దగ్గర పడ్డాయి.

“ఎవరేసిండ్రు దీన్ని? కింద నా రిజర్వ్ రాత ఉండె.”

“ఉండె. నేనే కడిగిన ఉస్తాద్” అన్నాను.

“అన్నా, నువ్వు చదువుకున్నోనివంటరు. రిజర్వంటే తెల్వదా?”

స్నేహితుల్లో ఒకడు, “మేడం కాగితం ఇచ్చింది చాచా, చూస్తవా?” అని ముందుకు వచ్చాడు. మా బిడ్డ వాణ్ని ఆపింది. నా సంచిలోంచి నోటుపుస్తకం తీసి, పేజీ వెతికి, గట్టిగా చదివింది. ‘గోయింగ్ ఓవర్: ఒకరు వేసినదాని మీద ఇంకొకరు వెయ్యడం. అంతకంటే మంచిది వెయ్యలేనివారు చెయ్యరాని పని.’

“మాకు తెల్వక చేసినం. అయినా మా లెక్కల అడగకుండ చెయ్యుడు తప్పే చాచా” అంది. “సున్నం నువ్వు కొట్టకు. మేం వేసింది మేమే తుడుస్తం.”

బకెట్టులో బ్రష్షు ముంచింది. ఐదు ఆదివారాలు, నా పూచీ, రెండూ ఆ బ్రష్షు కొసన ఉన్నాయి. నిజంగా చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమెను చూసి గర్వపడినంతగా ఎప్పుడూ పడలేదు.

“ఆగు బేటీ” అన్నాడు ఉస్తాద్. రోడ్డు అవతలికి పోయి నిలబడి చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చి, “గా దీపమున్న వత్తు ఎవరేసిండ్రు?” అన్నాడు.

“నేనే” అంది మా బిడ్డ.

“తాడు పట్టి గీసినవా?”

“లేదు, ఉత్త చేతితోనే.”

“దీనికంటె మంచిగ ఏస్తనో లేదో, ఈ వయసుల నాకెందుకమ్మా పందెం?” అని ఫోను తీసి యూనియన్‌వాళ్లతో మాట్లాడాడు. “గోడ కింద మూడడుగులు సరిపోతది. మీదిది ఉండనీయిండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, నేను చూసుకుంట.”

ఒక్క షరతు పెట్టాడు. తన రిజర్వ్ రాత ఉన్నచోటే మళ్లీ రావాలి, బ్రష్షుతో, మా బిడ్డ చేత్తో. చాయ్ తాగుతూ నా చేత నోటుపుస్తకం చదివించుకుని విన్నాడు. ఆమె రెండుసార్లు అక్షరం చెడగొట్టేసరికి, “స్ప్రే డబ్బాతోటి నువ్వు ఉస్తాద్‌వే బేటీ. బ్రష్షుల మాత్రం, గదేంది అన్నా, టాయ్” అన్నాడు. అందరికంటే ఆమే ఎక్కువ నవ్వింది. మూడోసారి కుదిరింది.

చివర పిల్లలంతా కుడివైపు మూలన తమ ట్యాగులు వేశారు. “బాపూ, నీది” అంది మా బిడ్డ. నా అంగీ జేబులో సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది. తేదీ, సమయం, పొడి అక్షరాలు రాశాను.

“తట్టి చూడకనే రాసినవేంది సర్దారూ?” అని ఆట పట్టించింది.

వేళ్లతో గోడను తట్టాను. “గట్టిగనే ఉన్నది.”

తర్వాత వానకు నా సుద్దరాత కొట్టుకుపోయింది. పీస్ ఉంది, దాని కింద మూడడుగుల్లో యూనియన్ రాతలున్నాయి, మూలన రిజర్వ్‌డ్ ఉంది. ఆదివారం గ్రంథాలయానికి వెళ్లినప్పుడల్లా గోడను ఒకసారి తట్టి, కొత్త తేదీ వేసి, లోపలికి వెళ్తాను.